మెడిసిన్‌లో చేరిన పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను కర్నూలులో ఎంబీబీఎస్ పిల్లలకు జనరల్ మెడిసిన్ చెబుతాను. ప్రతి ఏడాదీ కొత్త బ్యాచ్ రాగానే వాళ్లు, వాళ్ల వెంట వచ్చిన పెద్దవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. అనంతపురం, కడప కాలేజీల్లో చేరిన మా చుట్టాల పిల్లలు ఫోన్ చేసి అడిగేవీ ఇవే. కారిడార్‌లో నిలబడి రెండు ముక్కల్లో చెప్పలేనివి చాలా ఉన్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

సీటు వచ్చింది మేడం. క్లాసులు మొదలయ్యేలోపు ఏం చదవాలి?

ఏమీ చదవొద్దు. నీట్ కోసం రెండేళ్లు, కొందరు మూడేళ్లు నిద్ర చంపుకుని చదివి వచ్చారు. ముందు కడుపు నిండా తిని నిద్రపోండి.

రెండు పనులు మాత్రం చేయండి. ఒకటి, హెపటైటిస్ బి టీకా. మొదటి డోసు వేయించుకున్నాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఇప్పుడు మొదలుపెడితే వార్డుల్లో సూదులు పట్టుకునే నాటికి మూడూ పూర్తవుతాయి. రెండోది, మీ ఇంట్లో అవ్వో తాతో రోజూ వేసుకునే మాత్రల డబ్బా తెరిచి పక్కన కూర్చోండి. ఏ మాత్ర ఎందుకు, ఎప్పటి నుంచి, ఎప్పుడైనా మానేశారా, మానేస్తే ఎందుకు అని అడిగి ఒక నోట్‌బుక్‌లో రాయండి. మీరు తీసుకునే మొదటి కేస్ హిస్టరీ అదే. మూడో ఏడాదిలో ఆ పేజీ తీసి చూసుకుంటే అప్పుడు ఏమేం అడగలేదో మీకే తెలుస్తుంది.

ఎముకల సెట్ కొత్తది కొనొద్దు. సీనియర్ల దగ్గర ఉంటాయి.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషులో పాఠాలు అర్థమవుతాయా?

మొదటి మూడు నెలలు కష్టంగానే ఉంటుంది. నేను ఆదోని దగ్గర పల్లెలో తెలుగు మీడియంలో చదివి వచ్చినదాన్ని కాబట్టి ఇది ఊరికే ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. ఎనాటమీ క్లాసులో మొదటి వారం నాకు ఏ పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కూడా తెలిసేది కాదు.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ పదాలు ఇంగ్లీషు మీడియం పిల్లలకూ కొత్తవే. చాలావరకు గ్రీకు, లాటిన్ మాటలు. వాటిని ముక్కలుగా విడగొట్టడం నేర్చుకోండి. 'హెపాట్' అంటే కాలేయం, 'నెఫ్' అంటే మూత్రపిండం, 'ఐటిస్' అంటే వాపు, 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం. ఇలాంటి ముక్కలు ఒక వంద వస్తే చాలు, కొత్త పదం ఎదురైనా సగం అర్థం దానంతటదే తెలుస్తుంది. రోజుకు ఐదు చొప్పున రాసుకుంటే మూడు వారాల పని. వైవాలో, అంటే నోటి పరీక్షలో, మాట తడబడితే ఆగి, చిన్న చిన్న వాక్యాల్లో చెప్పండి. గ్రామర్ తప్పుకు మార్కులు తీసే ఎగ్జామినర్ నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

ఇంకో సంగతి. రెండో ఏడాది వార్డులోకి వచ్చాక మీ తెలుగే మీకు బలం అవుతుంది. ఆడవాళ్లు 'తెల్లబట్ట అవుతోంది' అన్నా, 'నెల తప్పింది' అన్నా, ముసలాయన 'దమ్ము వస్తాంది' అన్నా మీకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నగరాల్లో పెరిగిన మీ క్లాస్‌మేట్లు ఆ మాటల కోసం మీ దగ్గరికి వస్తారు. చెప్పండి. వాళ్ల దగ్గర మీరు ఇంగ్లీషు నేర్చుకోండి.

డిసెక్షన్ హాల్ అంటే భయం. తట్టుకోగలనా?

కోసి నేర్చుకునే దేహాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసనకు కళ్లు మండి నీళ్లు కారతాయి. మొదటి రోజు అన్నం సయించదు. ఒకరిద్దరికి కళ్లు తిరుగుతాయి. ఖాళీ కడుపుతో వెళ్లకండి, తల తేలికగా అనిపిస్తే వెంటనే కింద కూర్చోండి. వారం పది రోజుల్లో అలవాటవుతుంది.

అలవాటైన తర్వాతే జాగ్రత్త ఎక్కువ కావాలి. ఆ బల్ల మీద ఉన్నది ఒకరి నాన్న, ఒకరి అమ్మ. చాలా కాలేజీల్లో మొదటి రోజు విద్యార్థులందరూ నిలబడి ఆ దేహాన్ని గౌరవంగా చూస్తామని ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణం రోజూ గుర్తుండాలి. పని అయ్యాక దేహం మీద గుడ్డ సరిగ్గా కప్పి రండి. ఆ హాల్లో ఫోన్ జేబులోంచి తీయకండి. ఫొటో తీసిన విద్యార్థిని నేనైతే క్షమించలేను. దేహం దానం చేసిన కుటుంబం ఏ నమ్మకంతో ఇచ్చిందో ఒక్కసారి ఆలోచించండి.

సిలబస్ మారిందంటున్నారు. సీబీఎంఈ అంటే ఏమిటి?

సీబీఎంఈ అంటే కాంపిటెన్సీ బేస్డ్ మెడికల్ ఎడ్యుకేషన్. 2019లో చేరిన బ్యాచ్ నుంచి దేశమంతా ఈ పద్ధతి వచ్చింది. ఏం చదివావు అని కాకుండా ఏం చేయగలవు అని చూడటం దీని ఉద్దేశం. ప్రతి నైపుణ్యానికీ లాగ్‌బుక్‌లో ఒక గడి ఉంటుంది. చూశావా, చేసి చూపించావా, ఎవరి సాయం లేకుండా చేశావా అని రాసి, టీచర్ సంతకం తీసుకోవాలి. దీంతోపాటు ఎట్‌కామ్ అనే భాగం ఉంది. వైద్యుడి నడవడిక, నీతి, రోగితో మాట్లాడే తీరు అందులో నేర్పుతారు.

పిల్లలు చేసే పొరపాటు ఒకటి చెప్పాలి. పరీక్షకు నెల ముందు లాగ్‌బుక్ మొత్తం ఒకే రాత్రి కూర్చుని నింపేస్తారు, ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో. సంతకం కోసం నా ముందు పెట్టినప్పుడు నాకు కోపం కన్నా బాధ ఎక్కువ కలుగుతుంది. చూడని కేసు చూశానని రాయడం అప్పుడు అలవాటైతే, చూడని నాడిని కేస్ షీట్‌లో 'నార్మల్' అని రాయడానికి ఎంతో కాలం పట్టదు.

హాజరు ఎంత ఉండాలి? పాస్ మార్కులు ఎన్ని?

థియరీలో 75 శాతం, ప్రాక్టికల్స్‌లో 80 శాతం హాజరు ఉండాలి. పాస్ కావడానికి యూనివర్సిటీ పరీక్షలో 50 శాతం రావాలి. మొత్తం కోర్సు నాలుగున్నర ఏళ్లు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. మిగతా వివరాలకు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ ఇచ్చే నోటిఫికేషన్లు చూడండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేవి నమ్మి టెన్షన్ పడకండి.

వార్డ్ పోస్టింగ్ మొదలైంది. అక్కడ ఏం చేయాలో తెలియడం లేదు. ఒక మూల నిలబడి వచ్చేస్తున్నాం.

అందరూ అడిగే ప్రశ్నల్లో నాకు చాలా ఇష్టమైనది ఇదే, అందుకే కాస్త పొడవుగా చెబుతాను.

రౌండ్స్‌లో ప్రొఫెసర్ వెనక ముప్పై మంది నిలబడితే చివరి వరసకు ఏమీ వినపడదు. నిజమే. కాబట్టి రౌండ్స్‌కు గంట ముందు రండి. రోజుకు ఒక్క పేషెంట్‌ను ఎంచుకోండి. ముందు పేరు చెప్పుకోండి: 'పెద్దాయనా, నేను ఇక్కడ చదువుకుంటున్నాను, మీతో కాసేపు మాట్లాడొచ్చా?' మన వైపు పేషెంట్లు వద్దని దాదాపు అనరు. 'కూర్చో పాపా' అని మంచం మీద కాస్త జరుగుతారు కూడా. ఒకవేళ వద్దంటే దండం పెట్టి పక్క మంచానికి వెళ్లండి.

మొదటి రెండు నిమిషాలు మీరు మాట్లాడకండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోండి. 'గ్యాస్ పట్టింది' అంటే మీరు వెంటనే అసిడిటీ అని రాసేస్తారు. ఆగి అడగండి: ఎక్కడ పట్టింది, చెయ్యి పెట్టి చూపించు, నడిస్తే ఎక్కువవుతుందా, చెమట పట్టిందా? గ్యాస్ అనుకుని రెండు రోజులు సోడా తాగి, మూడో రోజు గుండెపోటుతో వచ్చిన రైతులను మా వార్డులో చాలామందిని చూశాను. అలాంటి ఒకాయన అరచెయ్యి మొత్తం ఎద మీద ఆనించి, వేళ్లు మెల్లగా ముడిచాడు. ఆ చెయ్యి చెప్పిన సంగతి 'గ్యాస్' అన్న మాటలో లేదు.

ఇంకో ఉదాహరణ. వానాకాలంలో తెల్లవారుజామున కడుపునొప్పి అని ఒక మనిషి వస్తాడు. వాంతులు ఉంటాయి, ఒంటి మీద గాయం కనపడదు. రాత్రి ఎక్కడ పడుకున్నావు అని అడగాలని ఎంతమందికి తడుతుంది? నేల మీద పడుకున్నాడంటే, కనురెప్పలు వాలుతున్నాయేమో చూడాలి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి ఉండదు, గుర్తు కూడా కనపడదు. గంటల్లో శ్వాస కండరాలు చచ్చుబడతాయి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే వెంటిలేటర్ సిద్ధం చేసుకునే టైం దొరుకుతుంది.

రక్తపింజర కాటు అయితే గాజు టెస్ట్‌ట్యూబ్ పరీక్ష చేస్తాం. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు ట్యూబ్‌లో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం పని చేస్తోందన్నమాట, వెంటనే విషానికి విరుగుడైన యాంటీ వెనం మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ సిరంజిలో చేస్తే ఈ పరీక్ష పనికిరాదు. సబ్బుతో కడిగిన ట్యూబైనా తప్పు ఫలితం రావచ్చు. మధ్యలో ఆత్రం ఆగక ట్యూబ్ ఊపి చూసే విద్యార్థి ప్రతి బ్యాచ్‌లో ఉంటాడు. ఆ 20 నిమిషాలూ పేషెంట్ పక్కనే ఉండి, వాపు ఎంతవరకు పాకిందో పెన్నుతో గీత గీసి టైం రాయండి. పుస్తకంలో రెండు లైన్లు ఉన్న ఈ పరీక్షను మీ చేత్తో ఒక్కసారి చేస్తే ఇక మర్చిపోరు.

పేషెంట్ కన్నడమో ఉర్దూనో మాట్లాడితే?

కర్నూలు పెద్దాసుపత్రికి బళ్లారి, రాయచూరు వైపు నుంచీ గద్వాల నుంచీ కూడా వస్తారు. పాతబస్తీ నుంచి వచ్చే పెద్దవాళ్లలో కొందరు ఉర్దూనే మాట్లాడతారు. నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల నుంచి, జ్వరం ఉందా, నీళ్లు తాగావా, ఊపిరి పీల్చు, వదులు: ఈ పది పదిహేను మాటలు రెండు భాషల్లోనూ నేర్చుకోండి. వార్డ్ ఆయమ్మలకు అన్నీ వచ్చు. వాళ్లను గౌరవంగా అడగండి, సంతోషంగా నేర్పుతారు.

ఫ్యామిలీ అడాప్షన్ అని పల్లెకు పంపుతున్నారు. దాని వల్ల చదువుకు ఉపయోగం ఏమిటి?

కమ్యూనిటీ మెడిసిన్ వాళ్లు మీకు ఒక ఊళ్లో కొన్ని కుటుంబాలు అప్పగిస్తారు. మీరు కోర్సులో ఉన్నంతకాలం వాళ్ల ఆరోగ్యం గమనిస్తూ ఉండాలి. బస్సులో వెళ్లి, బీపీ చూసి, ఫొటో దిగి వచ్చేస్తే ఉపయోగం ఏమీ లేదు.

మా విద్యార్థిని ఒకమ్మాయి కోసిగి వైపు ఒక ఇంటికి వెళ్లేది. ఆ ఇంటాయన టీబీ మందులు మూడు నెలలు వాడి మానేశాడు. 'ఎందుకు మానేశావు' అని అడిగితే 'సుగ్గికి పోయింటిమి పాపా' అన్నాడట. మా కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. వానలు లేక, పని లేక, ఇల్లు తాళం పెట్టి పిల్లాపాపలతో గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోవడమే సుగ్గి. టీబీ మందు సాధారణంగా ఆరు నెలలు ఆపకుండా వాడాలి. ఆ అమ్మాయి వచ్చి నన్ను అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: 'మేడం, ఆయన నిర్లక్ష్యం అని కేస్ షీట్‌లో రాశారు. అది రాయడం తప్పు కదా?' తప్పే. టీబీ పేషెంట్ల వివరాలు ఉండే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో పేరు నమోదై ఉంటే ఏ ఊళ్లోనైనా మందులు తీసుకోవచ్చు. వెళ్లేముందు ఎవరైనా ఆయనకు ఆ మాట చెప్పి, అక్కడికి ట్రాన్స్‌ఫర్ చేసి ఉండాల్సింది. ఇప్పుడు ఆ అమ్మాయి ప్రతి పేషెంట్‌నూ అడుగుతుంది, రాబోయే మూడు నెలలు ఏ ఊళ్లో ఉంటారని.

అనంతపురం వైపు వెళ్లేవాళ్లు నీళ్ల గురించి అడగండి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట పిల్లల పళ్ల మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్లలో వంగని మోకాళ్లు, వెన్ను బిగుసుకుపోవడం కనిపిస్తాయి. ఆ ముసలమ్మకు మీరు కీళ్లనొప్పుల మాత్ర రాసిచ్చినా, తాగేది అదే బోరు నీళ్లు.

రక్తం తీయడం, సెలైన్ పెట్టడం ఎప్పుడు నేర్పుతారు? సూది గుచ్చుకుంటే ఏం చేయాలి?

ముందు స్కిల్ ల్యాబ్‌లో బొమ్మ చేతి మీద, తర్వాత సీనియర్ పక్కన ఉండగా పేషెంట్ మీద. రెండుసార్లు ప్రయత్నించి నరం దొరక్కపోతే ఆగి, వేరేవాళ్లను పిలవండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

సూది గుచ్చుకుంటే సబ్బుతో, పారే నీళ్లతో కడగండి. పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. హెచ్ఐవి నివారణ మందు అవసరమైతే మొదటి డోసు రెండు గంటల్లోపు పడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. మొత్తం 28 రోజులు వాడాలి. తిడతారని భయపడి దాచుకున్న పిల్లలు నాకు తెలుసు. దాచకండి. అసలు వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టే అలవాటు మానుకుంటే ఈ ప్రమాదాలు చాలావరకు ఉండవు.

హౌస్ సర్జన్సీలో డ్యూటీలు చేయాలా, పీజీకి చదువుకోవాలా?

ఈ ఒక్క ప్రశ్న దగ్గర పిల్లలకూ నాకూ వాదన జరుగుతుంది. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. పోటీ ఎంత ఉందో నాకు తెలుసు, అందుకే చదవొద్దని చెప్పను. కానీ డ్యూటీలో సంతకం పెట్టి, స్నేహితుడికి వార్డ్ అప్పగించి, రూంలో వీడియో క్లాసులు వినడం మీకు మీరే చేసుకునే నష్టం. మీ పైన ఒక పీజీ, ఆ పైన అసిస్టెంట్ ప్రొఫెసర్, ఆ పైన ప్రొఫెసర్ ఉండి, మీరు చేసే ప్రతి పనినీ చూసి సరిదిద్దే ఏడాది జీవితంలో మళ్లీ రాదు. ఆ తర్వాత ఏదో పీహెచ్‌సీలో రాత్రి పూట మీరొక్కరే ఉంటారు. కాన్పు అయిన తల్లికి రక్తస్రావం ఆగకపోతే, అప్పుడు గుర్తు రావాల్సింది మీ చేతులకు గుర్తు రావాలి.

హౌస్ సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్‌కు 12 వారాలు ఇచ్చారు. ఆ రోజుల్లో రాత్రి డ్యూటీలు తక్కువ, చదవడానికి టైం దొరుకుతుంది. లేబర్ రూం, క్యాజువాల్టీ పోస్టింగుల్లో మాత్రం పుస్తకం పక్కన పెట్టండి. పేషెంట్‌ను చూసిన రాత్రే ఆ జబ్బు గురించి అరగంట చదవడం అలవాటు చేసుకున్నవాళ్లు పీజీ పరీక్షలోనూ వెనకబడటం నేను చూడలేదు.

ఎంబీబీఎస్ చివర దేశమంతటికీ ఒకే పరీక్షగా పెట్టాలన్న నెక్స్ట్ గురించి అడిగేవాళ్లకు: అది 2019 ఎన్ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) చట్టంలో ఉంది. తేదీల కోసం ఎన్ఎంసీ ప్రకటన ఒక్కటే నమ్మండి.

తప్పు చేస్తే ఏమవుతుంది మేడం? రాత్రుళ్లు అదే భయం.

నా సంగతి చెబుతాను. హౌస్ సర్జన్‌గా వేరే ఊళ్లో పని చేస్తున్న రోజులు. లేబర్ వార్డులో పక్కపక్క మంచాల్లో ఇద్దరు లక్ష్మీదేవులు. ఇద్దరికీ రక్తం తీసి, ట్యూబులు రెండూ ట్రేలో పెట్టుకుని, టేబుల్ దగ్గరికి వచ్చి పేర్లు రాశాను. రక్తం ఎక్కించే ముందు అది పేషెంట్‌కు సరిపడుతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్‌కు పంపాల్సిన శాంపిల్స్ అవి. స్టాఫ్ నర్సు ఒకామె నా చెయ్యి పట్టుకుని ఆపి, 'ఇది ఏ లక్ష్మీదేవిది డాక్టరమ్మా?' అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. రెండు ట్యూబులూ ఆమె ముందే పారేసి, మళ్లీ వెళ్లి రక్తం తీశాను. ఆ రోజు ఆమె అడగకపోతే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. మంచం దగ్గరే, సూది తీసిన వెంటనే ట్యూబ్ మీద పేరు రాయాలి. 'నువ్వు లక్ష్మీదేవివా?' అని అడగకూడదు, ఎవరైనా అవుననే అంటారు. 'నీ పేరేంటమ్మా, మీ ఆయన పేరేంటి, ఏ ఊరు?' అని వాళ్ల నోటితో చెప్పించాలి.

తప్పు జరిగిందని తెలిస్తే మొదట పేషెంట్‌కు చేయాల్సింది చేయండి, ఆ వెంటనే పైవాళ్లకు చెప్పండి. కేస్ షీట్‌లో కొట్టివేతలు, తిరగరాతలు వద్దు. అరిచే సీనియర్లు ఉంటారు. అరుస్తారని నిజం దాస్తే పోయేది పేషెంట్ ప్రాణం.

ర్యాగింగ్, ఒత్తిడి, నిద్ర లేకపోవడం. ఎవరికి చెప్పాలి?

ర్యాగింగ్‌కు జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. మనసు బాగాలేకపోతే టెలి మానస్ 14416, రోజంతా పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మొదటి ఇంటర్నల్స్‌లో ఫెయిల్ అవగానే అంతా అయిపోయిందనుకునే పిల్లలు చాలామంది. ఊళ్లో ఫస్ట్ వచ్చి వచ్చినవాళ్లకు అది పెద్ద దెబ్బే. మీ రూమ్మేట్ రెండు రోజులుగా మెస్‌కు రాకపోతే తలుపు కొట్టండి. మమ్మల్ని పిలవండి, ఎంత రాత్రయినా సరే.

మా అమ్మాయి ఎప్పటికి స్థిరపడుతుంది? పండక్కి కూడా ఇంటికి రావడం లేదు.

అమ్మా, నాన్నా, లెక్క చెబుతాను. ఐదున్నర ఏళ్లు ఎంబీబీఎస్. పీజీ సీటు మొదటిసారే వస్తే ఇంకో మూడేళ్లు. మధ్యలో ఏడాది ప్రిపరేషన్ పట్టొచ్చు. పక్కింటి ఇంజనీరింగ్ అబ్బాయి అప్పటికి ఇల్లు కట్టేసి ఉంటాడు. ఆ పోలిక బిడ్డ ముందు తేవద్దు. ఫోన్ చేసినప్పుడు మార్కుల కన్నా ముందు తిన్నావా, పడుకున్నావా అని అడగండి. వీలైతే ఒకసారి మీరే వచ్చి కాసేపు ఉండి వెళ్లండి.

డిగ్రీ వచ్చాక ఇక చదవక్కర్లేదా?

హౌస్ సర్జన్సీ అయ్యాక రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కావాలి. ఆ తర్వాత ప్రతి ఐదేళ్లలో కనీసం 30 గంటల సీఎంఈలకు, అంటే డాక్టర్ల చదువు కొనసాగడానికి పెట్టే మీటింగులకు, హాజరవ్వాలని వైద్యుల నియమావళి చెబుతుంది. హోటల్లో భోజనం పెట్టే మీటింగుకు వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంటే గంటలు నిండుతాయి. చదువు మాత్రం నెలకోసారి నలుగురు డాక్టర్లు కూర్చుని తమ దగ్గర చనిపోయిన కేసుల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకునే చోట జరుగుతుంది. మీరు ఎక్కడ పని చేసినా అలాంటి నలుగురిని వెతుక్కోండి.

పేషెంట్ చనిపోతే ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి?

మొదటిసారి మీరే చెప్పాల్సి వస్తే సీనియర్‌ను వెంట రమ్మనండి. కారిడార్‌లో నిలబడి చెప్పకండి. ఒక గది, లేదా కనీసం ఒక బెంచీ చూసుకుని వాళ్లను కూర్చోబెట్టి, మీరూ కూర్చోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. ఎవరు ఎవరికి ఏమవుతారో ముందే కనుక్కోండి. కొడుకు అనుకుని అల్లుడితో మొదలుపెట్టిన డాక్టర్‌ను చూశాను.

'చనిపోయారు' అన్న మాట స్పష్టంగా అనండి. 'మా ప్రయత్నం మేం చేశాం', 'కండిషన్ బాగాలేదు' అంటే వాళ్లకు ఇంకా ఆశ మిగులుతుంది, 'కర్నూలు కాకపోతే హైదరాబాద్ తీసుకుపోతాం' అంటారు. చెప్పాక మాట్లాడకుండా ఉండండి. ఏడవనివ్వండి. కోపంతో అరిస్తే ఎదురు చెప్పకండి, కాసేపటికి అడుగుతారు: నొప్పి పడిందా, చివర్లో ఎవరైనా పక్కన ఉన్నారా అని. మీరు అక్కడ ఉండి ఉంటే ఉన్నానని చెప్పండి.

తర్వాత పనులు ఉంటాయి. డెత్ సర్టిఫికెట్‌లో పేరు, వయసు, ఇంటిపేరు ఆధార్‌తో సరిచూసి రాయండి. అక్షరం తప్పు పోతే ఆ కుటుంబం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఊరు దూరమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో మహాప్రస్థానం వాహనం ఉందని చెప్పండి, చాలామందికి తెలియదు, ప్రైవేట్ బండికి అప్పు చేస్తారు. బండి వచ్చేదాకా మంచం మీది దుప్పటి సరిచేసి, ఆ తల్లికి ఒక గ్లాసు నీళ్లు ఇచ్చి, పక్కన నిలబడండి.